వేడెక్కిన చక్రాలు, కొరమీను పిల్లలు

మెదక్‌లో మొదటి సాయంత్రం

మెదక్ వెళ్లొచ్చానని చెప్పగానే విన్నవాళ్లంతా అడిగే మొదటి మాట, "చర్చి చూశారా?" అని. చూశాను. రాతి గోడలు, లోపలి చల్లదనం, రంగుటద్దాల్లోంచి నేల మీదికి దిగే వెలుతురు, అన్నీ బాగున్నాయి. వాటి గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈ ప్రయాణంలో నేను చర్చి కంటే ఎక్కువసేపు చూసింది ఒక పికప్ బండి వెనక చక్రాలను. ఆ సంగతి ఇంకెవరూ రాయరు కనుక నేను రాస్తున్నాను.

నన్ను పిలిచింది గోపాల్. ఇద్దరం ఒకే దినపత్రికలో ఎదురెదురు బల్లల దగ్గర చాలా ఏళ్లు పనిచేశాం. అతను ఉద్యోగం మానేసి హవేలిఘనపూర్ దగ్గర తన పొలంలో చెరువు తవ్వించి కొరమీను పెంచుతున్నాడు. నేను రిటైరై ఏలూరులో పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. "శంకరంపేటల చేపపిల్లలు తీసుకునేది ఉందన్నా. బండి మాట్లాడిన. నువ్వు దాంట్లనే కూసోని రా, చెరువుల నీ చేతనే ఇడిపిస్త" అన్నాడు ఫోన్లో. కొల్లేటి పక్కన పుట్టినవాణ్ణి చేపల పేరు చెప్పి పిలిస్తే రాకుండా ఎలా ఉంటాను?

బండి యజమాని శామ్యూల్ గారు. బడిపంతులుగా రిటైరయ్యారు. చర్చి వెనక వీధిలో ఇల్లు. నేను వెళ్లేసరికి వరండాలో కూర్చుని చర్చి పాటల పుస్తకానికి అట్ట వేసుకుంటున్నారు. మా వైపు ఇంటికొచ్చిన మనిషికి ముందు మంచినీళ్లిచ్చి తరవాత కాఫీ మాటెత్తుతారు. ఇక్కడ నేను చెప్పులు విప్పుతుండగానే చాయ్ వచ్చేసింది, పక్కన ఇంట్లో చేసిన కేకు ముక్కతో.

"బండి మంచిదే సార్" అన్నారాయన. "గని లోడు పడితే చాలు, ఎనక బ్రేకులు కాల్తున్నయ్. పొగ కూడా వచ్చింది. లైనర్లు మార్చిన, సిలిండర్లు మార్చిన, హ్యాండ్ బ్రేకు కేబుల్ మార్చిన. మెకానిక్ ఖాళీ చేయించి, నడిపి చూసి, ఏం లేదంటడు. ఏం లేనప్పుడు ఇంకేంది? డ్రైవర్ కాలు బ్రేకు మీదికెళ్లి తియ్యడు."

"కుర్రాడికి చెప్పి చూశారా?"

"మస్తు చెప్పిన. నేను పెడ్తలేను సార్ అంటడు. రేపు మీ కిరాయి ఒక్కటి చూస్త. మళ్లా పొగ వచ్చిందా, తాళం తీసుకుంట. ఇంకొకాయనను మాట్లాడి పెట్టుకున్న."

చేపల సంగతేమిటో గాని, ఒక మనిషి ఉద్యోగం కూడా నేనెక్కబోయే బండిలో ఉందని అప్పుడు తెలిసింది. వస్తూ వస్తూ గేటు ముందు నిలిపిన బండిని చూశాను. ముందు బంపరు బోడిగా ఉంది. మా ఏలూరులో నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కట్టని బండి రోడ్డెక్కదు. నా చూపు గమనించి శామ్యూల్ గారు నవ్వారు. "గవన్నీ మా బండికి వద్దన్న సార్. కొన్న దినం పాస్టరు గారు ప్రార్థన చేసిండు. చాలు."

శంకరంపేట వైపు

తెల్లారి డ్రైవర్ మల్లేశం వచ్చాడు. ముప్పై దాటని మనిషి, ఇస్త్రీ చొక్కా. బండెక్కగానే నాతో అన్న మొదటి మాట: "సార్, మీరు జర నా కాలు చూస్తుండుండ్రి."

"కాలా?"

"బ్రేకు మీద పెడ్తున్ననో లేదో మీరే చూసి మా సార్‌కు చెప్పుండ్రి. నా మాట ఇంటలేడు."

అలా నేను పొలాలు చూడవలసిన దారంతా ఒక మనిషి కుడికాలు చూస్తూ వెళ్లాను. నడుమ నడుమ తలెత్తితే నాట్లు పడిన మడులు, తాటిచెట్లు, రోడ్డు అంచున మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ఆడవాళ్లు కనిపించారు. కంకులను ఇక్కడ మక్కబుట్టలంటారు. ఒకటి కొనుక్కుందామని ఆపించాను. ఉప్పూ కారం నిమ్మచెక్కతో రుద్ది ఇచ్చిన ఆమె నా మాట విని, "ఆంధ్రోళ్లా? కారం తక్కువ ఎయ్యాల్నా?" అంది. గుంటూరు కారం తినే జాతినని చెప్పుకునే లోపల దగ్గు వచ్చింది. ఆమె, మల్లేశం కలిసి నవ్వారు.

మల్లేశం ఇదివరకు ఆటో నడిపేవాడు. నాలుగు చక్రాల బండి చేతికి రావడం ఇదే మొదలు. భార్య స్వరూప బట్టలు కుడుతుంది. "ఈ నౌకరి దొరికిన దినం ఆమెకే ఎక్కువ సంబురమైంది సార్. పొద్దుగాల్ల లేచి బండి చుట్టూరా నీళ్లు చల్లింది" అన్నాడు. ఖాళీ బండి హాయిగా పరుగెత్తింది. శంకరంపేటలో దిగి చక్రాన్ని ముట్టుకుంటే మామూలుగానే ఉంది.

చేపపిల్లల ఇంట్లో భోజనం

చేపపిల్లలు పెంచే ఆమె మమ్మల్ని తినకుండా కదలనివ్వలేదు. జొన్నరొట్టె, వంకాయ కూర, చివర అన్నంలోకి పచ్చిపులుసు. పొయ్యి మీద పెట్టకుండా చింతపండు రసంలో ఉల్లిపాయ, కాల్చిన మిరపకాయ పిసికి చేసేది. మేము పప్పుచారు మరిగించి మరిగించి తాగేవాళ్లం. ఇది చల్లగా, ఘాటుగా, ఎండకు సరిగ్గా సరిపోయింది.

"పోసుకోండ్రి సార్. ఇంకింత పోస్త" అని గిన్నె పట్టుకుని నిలబడింది. "మీ దిక్కు చెయ్యరా ఇది?"

"మా ఇంట్లో చెయ్యమమ్మా."

"మరి ఎండకాలం ఎట్ల బతుకుతరు?"

మరికాస్త పోయించుకున్నాను.

కొరమీనును ఇక్కడ కొర్రమట్ట అంటారు. మా వైపు చేప ఐసులో వస్తుంది, కన్ను చూసి కొంటాం. ఇక్కడ కొర్రమట్ట బతికుండి తొట్టిలో తోక కొడితేనే ఎవరైనా చెయ్యి పెడతారు. బండి వెనక మందపాటి టార్పాలిన్ తొట్టిలా పరిచి నీళ్లు నింపి, వేలెడేసి పిల్లలను జల్లెడలతో అందులోకి వదిలారు. నీళ్లు నిండేకొద్దీ బండి వెనక భాగం కిందికి దిగుతూ పోయింది. "పైకొచ్చి గాలి పీలుస్తయ్, తొందరగా సావవ్" అంది ఆమె. "గని నీళ్లు ఏడెక్కనీయకుండ్రి. ఎండల బండి ఆపకుండ్రి. ఆపిన్రా, పోయినయే."

మల్లేశం మొహంలో నవ్వు పోయింది.

మెదక్ పొలిమేరలో వాసన

తిరుగుదారిలో నేను పొలాలు చూడనే లేదు. అతని కాలు చూశాను. అవసరమైతేనే బ్రేకు మీదికి వెళ్లింది, వెంటనే వెనక్కి వచ్చింది. ఇది నేను ఎవరి ముందైనా చెప్పగలను. అయినా బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు బరువుగా కదిలింది. యాక్సిలరేటర్ వదిలితే దొర్లుతూ పోవలసిన బండి అక్కడికక్కడే ఆగిపోతోంది. మెదక్ పొలిమేరకు వచ్చేసరికి కాలిన రబ్బరు వాసన లాంటిది లోపలికి కొట్టింది.

పక్కకు ఆపి దిగాం. వెనక చక్రం మధ్య నుంచి సన్నగా పొగ. తెలివితక్కువగా వేలు పెట్టి చూశాను. చురుక్కుమంది. ఆ వేలు ఇంటికొచ్చాక కూడా రెండు మూడు రోజులు సలిపింది. మల్లేశం సీసాలో నీళ్లు చల్లితే రెండు చక్రాల మీదా చుయ్యిమని ఆవిరి లేచింది.

అతను దాచలేదు. నా ముందే శామ్యూల్ గారికి ఫోన్ చేశాడు.

"మళ్లా గదే కథనా?" అవతలి గొంతు నాకూ వినిపించింది. "ఈరేశం దుకాణం కాడికి తీసుకపో. నేనొస్తున్న. తాళం ఆడ పెట్టి నువ్వు ఇంటికి పో."

నేను ఫోన్ అందుకున్నాను. "మాస్టారూ, దారంతా చూశాను. ఆయన కాలు పెట్టలేదండీ."

"మీరు మంచోళ్లు సార్" అన్నారు ఆయన మర్యాదగా. ఫోన్ పెట్టేశారు.

వీరేశం దుకాణం

మెకానిక్ వీరేశం యాభై ఏళ్ల మనిషి. బండిని చూడగానే చెయ్యి అడ్డం ఊపాడు. "లోడు దించుకోని రాపో. లోడు మీద నేను జాకీ పెట్ట."

"చేపలన్నా! ఏడ దించాలె?" అన్నాడు మల్లేశం.

"గవి చేపలా?" వీరేశం టార్పాలిన్ ఎత్తి చూశాడు. "పైసలకు బదులు ఓ పావుకిలో పెట్టి పోతవా?"

పక్క చాయ్ దుకాణంలోని వాళ్లు కూడా వచ్చి మూగారు. "ఈడనే పొయ్యి పెడ్దాం, పులుసుకు చింతపండు నేను తెస్త" అన్నాడొకాయన. "నీ ఇంట్ల చింతపండు ఉంటదా ఎప్పుడన్న?" అన్నాడు ఇంకొకాయన. అంటూనే ఇద్దరూ బకెట్లు తెచ్చి చల్లటి బోరు నీళ్లు పోయడం మొదలుపెట్టారు. నా చేతికి ఒక మగ్గు వచ్చింది. తొట్టిలో నీళ్లు పైకెత్తి మళ్లీ పోస్తూ నిలబడ్డాను.

బండిని రేకుల నీడలోకి తోయడానికే నలుగురం పట్టవలసి వచ్చింది. మెదక్‌లోనైనా ఏలూరులోనైనా షెడ్డు పద్ధతి ఒకటే. ముందు సరుకు దించాలి, ఆ తరవాతే మనిషి బండి కిందికి పోతాడు. అది ప్రాణాలకు సంబంధించిన నియమం, తప్పు పట్టలేం. కానీ ఇన్నిసార్లూ ఈ బండిని చూసినవాళ్లంతా ఖాళీ బండినే చూశారు. ఆ ముక్క నేను అనేలోపే వీరేశం తనలో తను అనుకుంటున్నట్టు అన్నాడు: "లోడు మీదనే కాల్తది. నేను లోడు లేకుంటనే చూస్త. ఇగ ఎట్ల దొరుకుతది?"

కాసేపు తల గోక్కున్నాడు. తరవాత మందపాటి చెక్కదుంగలు తెచ్చి, మిగతా చక్రాలకు అడ్డం పెట్టి, ఇరుసు కింద జాకీ ఆనించి ఒక్క పక్క చక్రం మాత్రం నేల నుంచి లేపాడు. బరువంతా అలాగే ఉంది. చక్రాన్ని రెండు చేతులా తిప్పబోయాడు. కదల్లేదు.

"హ్యాండ్ బ్రేకు ఏసినవారా?"

"లేదన్నా. లివరు కిందనే ఉంది, చూడు."

వీరేశం చక్రం వెనక చిన్న నిప్పల్ వదులు చేశాడు. బ్రేకు నూనె బొట్లు బొట్లుగా కారింది. నూనె ఒత్తిడి వల్ల పట్టేసి ఉంటే, అది కారగానే చక్రం వదలాలట. మళ్లీ తిప్పాడు. కదల్లేదు. "అయితే నూనెది గాదు. కాలు పెట్టిండు అనేది గూడ గాదు" అన్నాడు.

ఆ మాటకు మల్లేశం గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు.

"ఇంక మిగిలింది హ్యాండ్ బ్రేకు తీగ. గని అది నేనే ఏసిన కొత్తది" అంటూ వీరేశం ఫోన్ లైటు పట్టుకుని బండి కిందికి పాకాడు. తరవాత నెమ్మదిగా బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, చాయ్ దుకాణం వాళ్ల వైపు చూసి, "జర మీరు మీ చాయ్ తాగుపోండ్రి" అన్నాడు. వాళ్లు వెళ్లాక మల్లేశం పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, నీ ఇంటామె బండికి ఏమన్న కట్టిందా?"

"ఏం గట్టింది?"

"ఎర్రబట్టల కొబ్బరికాయ. లోపట తీగకు కట్టి ఉంది. మట్టి పట్టి నల్లగైంది."

మల్లేశం వంగి బండి కిందికి చూశాడు.

"నేను ఎన్నడో చూసిన" అన్నాడు వీరేశం. "దిష్టికి కట్టినోళ్లది ఇంకొకరు ముట్టరు కద, ముట్టలే. తీగ మార్చినప్పుడు గూడ ముడి ఇప్పకుంట కొత్త తీగను దాంట్లకెళ్లే దూర్చిన. సార్‌కు చెప్తే నీ నౌకరి పోతదని చెప్పలే. ఖాళీ బండికి అది ఊకెనే ఏలాడుతుండె. దీంతోని ఏమైతదిలే అనుకున్న. ఇప్పుడు లోడు మీద చూస్తే చాసిస్ దిగి దాని మీద కూసున్నది. కాయ పోయి తీగను ఒత్తుతుంది. బండి నడుస్తున్నంతసేపు సగం హ్యాండ్ బ్రేకు పడే ఉంటుంది."

మల్లేశం ఇంటికి ఫోన్ చేశాడు. స్పీకరు ఎందుకు పెట్టాడో తెలియదు, బహుశా సాక్ష్యానికి.

"స్వరూపా, బండి కింద ఏమన్న కట్టినవా?"

అటు కుట్టుమిషను ఆగింది. "ఎవరు చూసిన్రు? మీ సార్ చూసిండా?"

"ముందుగాల చెప్పు!"

"కట్టిన. ముంగట కట్టనియ్యడంటివి కద. మరి కొత్త బండి, కొత్త నౌకరి, ఊరోళ్ల కండ్లన్నీ దాని మీదనే ఉండె. ఎవ్వరికి కనవడకుంట కిందికి దూరి తాడు కనవడితే తాడుకు కట్టిన. ఏమైంది?"

"అది తాడు గాదే! బ్రేకు తీగ!"

అటు నుంచి చిన్నగా, "నువ్వు మంచిగున్నవా?" అని వినిపించింది.

"మంచిగనే ఉన్న. ఇప్పాలె ఇప్పుడు. ఈరేశమన్న ముట్టనంటుండు."

"నీ పేరు మీద కట్టింది. నువ్వే ఇప్పు. కత్తెర పెట్టకు, ముడి ఇప్పు."

మల్లేశం కిందికి దూరాడు. తడిసి బిగుసుకున్న ముడి. ఎండ జరిగి రేకుల కిందికి వచ్చేస్తోంది. తొట్టిలో కొన్ని పిల్లలు వెల్లకిలా తేలడం చూశాను, మగ్గు వేగం పెంచాను. చివరకు అతను చేతిలో నల్లటి మూటతో బయటికి వస్తుండగా, సరిగ్గా అప్పుడే శామ్యూల్ గారి స్కూటరు వచ్చి ఆగింది.

ఆయన మూట చూశారు, మల్లేశం మొహం చూశారు. బట్ట ఒక పక్క చిరిగి కొబ్బరి పీచు కనిపిస్తోంది. అదేమిటని ఆయన అడగలేదు. వీరేశం వైపు తిరిగారు.

"చక్రం తిరుగుతుందా?"

వీరేశం చక్రాన్ని ఒక్క వేలితో తోశాడు. అది గిర్రున తిరిగింది. నిప్పల్ బిగించాడు, నూనె పోశాడు, పెడలు కొట్టించి చూశాడు. ఇరుసు దించాడు.

"మరి ఇంకెందుకు నిలవడ్డరు? చేపలు సస్తయ్. పోనియ్" అన్నారు శామ్యూల్ గారు. స్కూటరు తిప్పుకుని వెళ్లిపోయారు.

హవేలిఘనపూర్ చెరువు

ఇప్పుడు బండి కాలు తీస్తే చాలు దొర్లుతోంది. ఆ తేడా నాకే ఒంట్లో తెలిసింది. అయినా మల్లేశం నవ్వలేదు. మూట సీటు కింద పెట్టుకున్నాడు. "బ్రేకు బాగైంది సార్. నా పని అయిపోయింది. వద్దన్న పని చేసిన్నని అనుకుంటడు. తిట్టినా మంచిగుండు. ఏమనలే, చూసిన్రా?"

నేను చూశాను. నాకూ అదే భయం వేసింది. ఓదార్పు మాటలు రెండు అన్నాను గాని వాటిలో బలం లేదు.

గోపాల్ గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. పిల్లలను వెంటనే చెరువులో పొయ్యకూడదట. చెరువు నీళ్లు తెచ్చి తొట్టిలో కొంచెం కొంచెం కలిపి, రెండు నీళ్లూ ఒక్క తీరుకు వచ్చాక వదలాలి. మాటిచ్చినట్టే జల్లెడ నా చేతికిచ్చాడు. చచ్చినవి లేకపోలేదు. కానీ జల్లెడ వంచిన ప్రతిసారీ నీళ్లలోకి నల్లటి గీతలు సర్రున దూసుకుపోయాయి. నీళ్లలో మోకాళ్ల దాకా నిలబడి, చాలా రోజుల తరవాత గట్టిగా నవ్వాను. "బతికినయన్నా, మస్తు బతికినయ్" అంటున్నాడు గోపాల్.

అప్పుడు మల్లేశం ఫోను మోగింది. పేరు చూసి అతను గట్టు చివరికి నడిచాడు. తరవాత ఏమనుకున్నాడో వెనక్కి వచ్చి నా పక్కన నిలబడి ఎత్తాడు.

"చేపలు బతికినయా?" శామ్యూల్ గారి గొంతు.

"బతికినయ్ సార్."

"చక్రాలు?"

"సల్లగున్నయ్ సార్." ఆగాడు. "సార్, గది నా భార్య కట్టింది. నాకు తెల్వదు. తెలిస్తే..."

"యాడుంది అది?"

"సీటు కింద ఉంది సార్."

"రోడ్డు మీద పారెయ్యకు. దాన్ని ఎట్ల చెయ్యాల్నో ఆమెను అడిగి గట్లనే చెయ్యి." కొంచెం దగ్గారు. "రేపు నిజాంపేటకు సిమెంటు ఉంది. ఎండ ముదరకముందే రా. ఆ ఇంకొకాయనకు వద్దని చెప్పిన."

ఫోన్ పెట్టేశాక మల్లేశం చాలాసేపు నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాడు. గోపాల్ అతని భుజం మీద తడిచెయ్యి వేశాడు. ఇస్త్రీ చొక్కా మీద అచ్చు పడింది. అతను గమనించలేదు. ఇంటికి ఫోన్ చేసి సంగతంతా ఒక్క ఊపిరిలో చెప్పాడు.

స్వరూప ముక్కు చీదిన చప్పుడొచ్చింది. తరవాత మామూలు గొంతుతో అడిగింది.

"అయితే రేపు టిఫిన్ల అన్నం పెట్టాల్నా?"

"పెట్టు" అన్నాడు మల్లేశం. "జర ఎక్కువ పెట్టు."